తల్లి వృత్తి: ఆ గడిలో ఏం రాయాలి?

మొన్న ఫెస్ట్‌లో మెయిన్ బ్లాక్ ముందు సెకండియర్ అమ్మాయిలు పెట్టిన క్రోషె స్టాల్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఊలుతో అల్లిన పొద్దుతిరుగుడు పువ్వు 250 రూపాయలు, చిన్న తాబేలు కీచైన్ 150. మధ్యాహ్నానికల్లా సగం టేబుల్ ఖాళీ. మా రూమ్మేట్ కూడా ఒక పువ్వు కొన్నాడు. ఎవరికోసమో అడగొద్దన్నాడు, అడగలేదు. "250 ఎక్కువ కాదేంట్రా?" అంటే, "హ్యాండ్‌మేడ్ రా బాబూ, ఎంత టైం పట్టుంటుందో!" అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. వాడన్నదాంట్లో తప్పేం లేదు. స్టాల్ పెట్టిన వాళ్లదీ తప్పు లేదు, వాళ్లు పడ్డ కష్టానికి అది సరైన ధరే. కానీ అదే కొక్కెం సూదితో, అదే గొలుసు కుట్టుతో మా అమ్మ ముప్పై ఏళ్లుగా పని చేస్తోంది. "ఎంత టైం పట్టుంటుందో" అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ 'ఎవరూ'లో నేనూ ఉన్నాను.

మాది నరసాపురం దగ్గర ఊరు. పశ్చిమ గోదావరి వాళ్లకి ఇక విషయం అర్థమైపోయి ఉంటుంది. మిగతా వాళ్ల కోసం: సాయంత్రం మా వీధిలో నడుస్తూ పోతే ప్రతి రెండో అరుగు మీదా ఎవరో ఒకరు తెల్లదారం ఉండ ఒళ్లో పెట్టుకుని లేసు అల్లుతూ కనిపిస్తారు. 19వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో నేర్పిన పని ఇది. వాళ్లు పోయారు, పని ఉండిపోయింది. ఇక్కడ అల్లిన టేబుల్ క్లాతులు, డాయిలీలు, కర్టెన్లు యూరప్, అమెరికా దేశాలకి వెళ్తాయి. 2024లో నరసాపురం క్రోషె లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అది పేపర్లో చూసి నేను వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాను. అమ్మ చూసి, "అయితే రేటు పెంచుతారంటనా?" అని అడిగింది. అవుననీ కాదనీ చెప్పలేక ఏదో నసిగాను. పెంచలేదు.

పని జరిగే పద్ధతి ఇదీ. ఏజెంటు వారానికోసారి మోపెడ్ మీద వస్తాడు. దారం తూచి ఇస్తాడు, పోయినవారం లేసు తూచి పట్టుకెళ్తాడు. ఇచ్చిన దారానికీ వచ్చిన లేసుకీ బరువు సరిపోవాలి, లేదంటే దారం దాచుకున్నట్టు లెక్క. ఒక్కో ఇంట్లో ఒక్కో రకం ముక్క అల్లుతారు. అమ్మ చేసేది నాలుగంగుళాల గుండ్రటి పువ్వు. వాటన్నిటినీ కలిపే అతుకు పని వేరే వీధిలో వేరే వాళ్లు చేస్తారు. అందుకే ముప్పై ఏళ్లలో అమ్మ తాను అల్లిన పువ్వులతో తయారైన టేబుల్ క్లాతు ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. 90ల్లో తెలుగువాళ్ల ఇళ్లలో ప్రతి టీవీ మీదా, ఫ్రిజ్ మీదా, సోఫా వీపు మీదా లేసు గుడ్డ ఉండేదట కదా. మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ముక్క. మరక పడిందని ఏజెంటు వెనక్కి ఇచ్చేసింది. తాతయ్య ఫొటో కింద వేసి ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. పదో తరగతి నామినల్ రోల్ దగ్గర్నుంచి ఇంటర్ అప్లికేషన్, ఇక్కడ అడ్మిషన్ ఫారం, బస్ పాస్, స్కాలర్‌షిప్, అన్నిట్లోనూ 'తల్లి వృత్తి' అని ఒక గడి ఉంటుంది. అన్నిట్లోనూ నేను రాసింది 'గృహిణి'. ఇంగ్లీషులో అయితే 'హోమ్ మేకర్', కాస్త స్టైల్‌గా ఉంటుందని. ఫస్టియర్‌లో ల్యాప్‌టాప్ కొన్నప్పుడు నాన్న అప్పు చేసింది పోగా తగ్గిన తొమ్మిది వేలు అమ్మ డబ్బాలోంచి వచ్చాయి. అవి లేసు డబ్బులు. అదే ల్యాప్‌టాప్ మీద కూర్చుని అదే వారం హాస్టల్ ఫారంలో 'గృహిణి' అని టైప్ చేశాను. ఒకసారి మా వింగ్‌లో ఎవరో, "మీ మమ్మీ ఏం చేస్తారు?" అనడిగితే, "ఇంట్లోనే ఉంటారు, టైంపాస్‌కి లేసు అల్లుతారు" అన్నాను. టైంపాస్ అన్నమాట నాదే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేశాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నాలుగు రోజులు అమ్మ పక్కన కూర్చున్నాను. సూది చేతిలోకి తీసుకుంటే స్టార్ట్, పక్కన పెడితే స్టాప్. మొదటి రోజు అమ్మ నవ్వింది. రెండో రోజు, "ఏరా, నీకింక చదువుకునేదేం లేదా?" అంది. మూడో రోజు నుంచీ తనే, "ఆపు ఆపు, పాలు పొంగుతున్నాయ్" అని నాకు చెప్పి మరీ లేచింది.

నాలుగు రోజులకి లెక్క: 31 పువ్వులు, 13 గంటల 20 నిమిషాలు. పువ్వుకి 26 నిమిషాలు అనుకోండి. పువ్వుకి ఏజెంటు ఇచ్చేది 5 రూపాయలు. మొత్తం 155. అంటే గంటకి 11 రూపాయల 60 పైసలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. లేసు మీద ఆ 307 సంపాదించాలంటే అమ్మ రోజుకి 26 గంటలకి పైగా అల్లాలి. కాలిక్యులేటర్ రెండుసార్లు కొట్టి చూశాను. రోజుకున్నవి 24 గంటలే కదా అని అమ్మతో జోకు వేశాను. తను నవ్వలేదు.

కానీ నాకు అసలు కళ్లు తెరిపించింది డబ్బు లెక్క కాదు, ఆ స్టాప్ బటన్. ఒక్క కనుమ రోజే అమ్మ 23 సార్లు లేచింది. పాలు, కుక్కర్, నాయనమ్మ బీపీ మాత్ర, గేదె, గ్యాస్ బండవాడు, నాన్న టీ, పక్కింటి వాళ్లు అరిసెలు తెస్తే ఆ గిన్నె ఖాళీగా పంపకూడదని అందులో సున్నుండలు. నా టీ కూడా, రెండుసార్లు. 23లో తన కోసం లేచింది ఒక్కసారి, కళ్లజోడు తెచ్చుకోడానికి. లేచిన ప్రతిసారీ ఎన్నో కుట్టు దగ్గర ఆపిందో మనసులో పెట్టుకుని వెళ్తుంది, వచ్చి అక్కడి నుంచే మొదలెడుతుంది. మనం ఒక నోటిఫికేషన్ వస్తేనే కోడ్‌లో ఏ లైన్ దగ్గరున్నామో మర్చిపోతాం.

లేసుని 'ఖాళీ టైంలో చేసుకునే పని' అంటారు కదా. అమ్మకి ఖాళీ టైం ఉండి చేస్తోందనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ నాలుగు రోజులు చూస్తే అక్కడ ఖాళీ అనేదే లేదు. కుక్కర్ మూడో విజిల్‌కీ నాలుగో విజిల్‌కీ మధ్య దొరికే రెండు నిమిషాల్లోకి కూడా పని దూరిపోతోంది. ఎక్కడ ఆపినా పాడవని పని కాబట్టి, ఇంటిపని మధ్యలో ఎక్కడైనా ఇరుకుతుంది కాబట్టి, దానికి కూలి అక్కర్లేదని అందరం అనేసుకున్నాం.

మూడో రోజు నాక్కూడా నేర్పమన్నాను. మా అక్కకి పదేళ్లకే సూది ఇచ్చారు, నాకివ్వలేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, నాకు లాభమే కాబట్టి. అక్క ఇప్పుడు హైదరాబాద్‌లో ఫార్మసీలో చేస్తోంది. మళ్లీ సూది ముట్టుకోనంటుంది. నేను అరుగు మీద దారం పట్టుకుని కూర్చుంటే ఎదురింటి పిన్నిగారు, "ఆయ్, అబ్బాయి లేసల్లుతున్నాడేంటండీ, ఉద్యోగాలు లేవాండీ?" అన్నారు. రెండు గంటలు కష్టపడి ఒక పువ్వు చేశాను. నూనెలో వేసిన అప్పడంలా అంచులన్నీ మెలికలు తిరిగింది. అమ్మ దాన్ని ఇలా ఎత్తి చూసి, "నాలుగో వరస నుంచీ కుట్లు ఎక్కువేసేశావ్. తక్కువైతే గిన్నెలాగా ముడుచుకుద్ది, ఎక్కువైతే ఇలా" అంది.

ఇది జామెట్రీ. గుండ్రంగా అల్లేటప్పుడు ప్రతి వరసకీ వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. కాబట్టి చుట్టుకొలత దానికి 2π రెట్లు పెరగాలి. అంటే ప్రతి వరసకీ అదే సంఖ్యలో కుట్లు చేరిస్తేనే ముక్క చదునుగా కూర్చుంటుంది. అలా కాకుండా ప్రతి వరసకీ అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే అంచు విపరీతంగా పెరిగిపోయి అలలు అలలుగా లేస్తుంది. గణితంలో హైపర్బోలిక్ తలం అనేది సరిగ్గా ఇలాగే ఉంటుంది. కార్నెల్ యూనివర్సిటీలో పనిచేసిన డైనా టైమినా అనే గణిత శాస్త్రవేత్త 1997లో దాన్ని క్రోషె సూదితోనే అల్లి స్టూడెంట్స్ చేతికి ఇచ్చారు. అంతకు ముందు కాగితం ముక్కలు అంటించి చేసిన నమూనాలు చిరిగిపోయేవి. అమ్మకి ఇదంతా చెప్తే, "మరి ఆవిడకి ముక్కకి ఎంతిచ్చారంట?" అంది.

ఇంకో సంగతి. మెకానికల్ వాళ్లు గమనించాలి. అల్లిక యంత్రం 1589 నుంచీ ఉంది, విలియం లీ మేజోళ్ల కోసం చేసింది. అందులో వరసలో ఉన్న ఒక్కో ఉచ్చుకి ఒక్కో సూది ఉంటుంది, సూదుల వరస కదిలితే చాలు. క్రోషె అలా కాదు. పనిలో ఉండే ఉచ్చు ఒక్కటే. ఆ సూది అప్పటికే అల్లిన గుడ్డలో ఎక్కడికైనా, ఏ కోణంలోనైనా దూరి దారం పట్టుకు రావాలి. అందుకే బజార్లో క్రోషెలా కనిపించే మెషీన్ లేసులు చాలానే ఉన్నా, అవి వేరే పద్ధతిలో చేసినవి. చేతి క్రోషె పనిని అచ్చంగా చేసే యంత్రం ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ లేదు. స్కిల్ గురించి మన ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో రోజూ వింటున్నాం కదా. ఆటోమేషన్ ఇంతవరకూ ముట్టుకోలేకపోయిన స్కిల్‌కి మా వీధిలో గంటకి 11 రూపాయల 60 పైసలు.

ఇది నేనే కనిపెట్టిన సంగతేం కాదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో తిరిగి, 1982లో మా లేసు ఆడవాళ్ల మీద ఒక పుస్తకమే తెచ్చారు. ఆవిడ వాదన క్లుప్తంగా ఇది: ప్రపంచ మార్కెట్ కోసం సరుకు తయారుచేస్తున్న వీళ్లని కార్మికులు అనకుండా 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు' అనడం వల్లే అంత తక్కువ కూలితో పని నడుస్తోంది. నా ఊరి గురించి ఇంత ముఖ్యమైన పుస్తకం ఉందని నాకు థర్డియర్‌లో తెలిసింది. ఆ పుస్తకం వచ్చేనాటికి మా అమ్మ చిన్నపిల్ల. 'గృహిణి' అనే ఆ మాటని 40 ఏళ్ల తర్వాత కూడా నేనే స్వయంగా ఫారాల్లో నింపుతున్నాను.

దీని గురించి ఒక రాత్రి రూమ్‌లో మాట్లాడుతుంటే, "ఇంట్లో చేసే పనికి రికార్డులు ఎలా ఉంటాయి రా, కుదరదు" అన్నాడొకడు. నిజామాబాద్ నుంచి వచ్చిన ఇంకో ఫ్రెండ్ అప్పటిదాకా పడుకుని వింటున్నాడు. లేచి కూర్చుని, "మా అమ్మ ఇంట్లనే బీడీలు చేస్తది. ఆమెకు పీఎఫ్ ఉంది గదా" అన్నాడు. నిజమే. బీడీ కార్మికుల కోసం 1966లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లు కూడా దాని కిందికి వచ్చేవారు. వాళ్లమ్మకి గుర్తింపు కార్డు ఉంది, పీఎఫ్ నంబరు ఉంది. బీడీ పనిలో సుఖం ఉందని కాదు, ఆ పొగాకు దుమ్ము గురించి వాడే చెప్పాడు. కానీ ఆవిడా గడప దాటలేదు, మా అమ్మా దాటలేదు. ఆవిడకి ఆకు, తంబాకు ఇంటికొస్తాయి, మా అమ్మకి దారం ఇంటికొస్తుంది. ఆవిడ చేసేది పని అని కాగితం మీద ఉంది, మా అమ్మది లేదు. వాడు ఫారంలో 'బీడీ కార్మికురాలు' అని రాస్తాడు. ఎప్పుడూ నామోషీ అనిపించలేదట.

2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం చూడండి. అందులో 18 వృత్తులున్నాయి. చేపల వలలు అల్లేవాళ్లున్నారు, పూలదండలు కట్టేవాళ్లున్నారు, ఉండాల్సిన వాళ్లే. మా సముద్రం వైపు ఊళ్లలో వల అల్లే ఇల్లూ, లేసు అల్లే ఇల్లూ పక్కపక్కనే ఉంటాయి. లేసు మాత్రం ఆ 18లో లేదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్లకి కూడా మాటలున్నాయి, అవి కొట్టిపారేసేవి కావు. రేటు పెంచితే ఆర్డర్లు వేరే దేశానికి పోతాయంటారు. ఆ భయం నిజమే, అమ్మకీ ఉంది. ఇంకొంతమంది ఏజెంటుని తీసేస్తే అంతా బాగుపడుతుందంటారు. పోయినేడాది మన హ్యాకథాన్‌లో ఒక టీమ్ సరిగ్గా ఇదే చేసింది, చేతిపని వాళ్లని నేరుగా కొనేవాళ్లతో కలిపే యాప్. ప్రైజ్ కూడా వచ్చింది. నేనూ చప్పట్లు కొట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే, దారం ముందుగా ఎవరు పెట్టుబడి పెడతారు? 200 పువ్వులు ఒకే సైజులో ఉన్నాయో లేదో ఎవరు చూస్తారు? కొన్నవాడు మూడు నెలలు డబ్బు ఆపితే ఎవరు తట్టుకుంటారు? ఇవన్నీ ఇప్పుడు ఏజెంటే చేస్తున్నాడు. నాకతని మీద కోపం ఉంది, కానీ అతని పని సున్నా అని అనలేను. అతనికీ పైనుంచి వచ్చేది ముక్క రేటే.

అమ్మ మాట ఇంకోలా ఉంటుంది. "దాన్నేం అనకురా. మీరిద్దరూ వెళ్లిపోయాక నాకదే తోడు" అంటుంది. మధ్యాహ్నం అరుగు మీద నలుగురూ చేరి అల్లుకుంటూ చెప్పుకునే కబుర్లు తనకి కావాలి. కొత్త శాంపిల్ ముక్క ఇస్తే, ఏ పుస్తకం లేకుండా, వెనక్కి తిప్పి చూసి కుట్లు లెక్కపెట్టి అచ్చం అలాంటిదే చేసి పెట్టినప్పుడు తన ముఖంలో కనిపించేది నాకు తెలుసు. కాబట్టి "పాపం అమ్మ" అని నేను రాస్తే అది తన మీద ఇంకో అబద్ధం. తనకి ఇష్టమైన పనే. అయితే మనకి కోడింగ్ ఇష్టమని ఏ కంపెనీ అయినా ప్యాకేజీ తగ్గిస్తానంటే ఊరుకుంటామా?

నేను అడిగేది పెద్దదేం కాదు. ముక్క రేటు మాట్లాడే చోట నిమిషాలు కూడా మాట్లాడాలి. మా వీధిలో ఏ పువ్వుకి ఎంతసేపు పడుతుందో ఎవరి దగ్గరా రాసి లేదు. అందుకే ఏజెంటు "ఐదు" అంటే, "ఆరు చెయ్యండి బాబూ" అని బతిమాలడం తప్ప అమ్మ దగ్గర చెప్పడానికి ఇంకేం లేదు. ఇప్పుడు నా నోట్‌బుక్‌లో మా ఒక్క ఇంటి లెక్క ఉంది. ఎండాకాలం సెలవుల్లో ఇంకో పది ఇళ్లది రాయాలనుకుంటున్నాను. మన కాలేజీలో మా వైపు వాళ్లు తక్కువేం లేరు, మీ ఇంట్లోనూ ఆ సూది ఉంటే స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోండి. లేసే కానక్కర్లేదు, చీరలకి ఫాల్ కుట్టే అమ్మలున్నారు, పూలు కట్టే అమ్మలున్నారు.

మొన్న స్కాలర్‌షిప్ రెన్యువల్ వచ్చింది. మళ్లీ అదే గడి. ఈసారి మార్చాలనుకుని, అడగకుండా మార్చడం బాగోదని అమ్మకి ఫోన్ చేశాను. "గృహిణి తీసేసి లేసు పని అని రాయనా?" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రాస్తే ఆదాయం ఉందని ఫీజు డబ్బులు ఆపేస్తారేమోరా. ముందది కనుక్కో" అంది. ముప్పై ఏళ్లు ఆ పని కాగితం ఎక్కకపోవడానికి ఇది కూడా ఒక కారణమని నాకు అప్పుడు తట్టింది. ఆఫీసులో కనుక్కున్నాను. అన్ని నెలలూ ఆర్డర్లు ఉండవు, తన సంపాదన ఏడాదికి పదివేలు దాటదు. దానివల్ల ఏం ఆగదన్నారు. ఆ మాట చెప్తే, "అయితే నీ ఇష్టం. రేటెంతో మాత్రం రాయకు, నవ్వుతారు" అంది.

పోర్టల్ డ్రాప్‌డౌన్‌లో రైతు ఉంది, వ్యాపారం ఉంది, గృహిణి ఉంది, లేసు లేదు. 'ఇతరములు' నొక్కితే ఖాళీ బాక్సు వచ్చింది, కొన్ని అక్షరాల వరకే. 'నరసాపురం' కూడా పెట్టాలని చూశాను, సరిపోలేదు. 'లేసు అల్లిక' పట్టింది. సబ్మిట్ కొట్టి అమ్మకి స్క్రీన్‌షాట్ పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాత్రి తొమ్మిదికి వచ్చింది, అన్నాలయ్యాక. ఒక ఫొటో, ఏజెంటు కొత్తగా ఇచ్చిన శాంపిల్ పువ్వుది. కింద వాయిస్ మెసేజ్: "ఇది ఆరు రూపాయలంట. నాకు చూస్తే ముప్పై ఐదు నిమిషాలు పట్టేలా ఉంది. లెక్క కట్టి చెప్పు."